కొనుటయే పౌరధర్మమా?

ఆషాఢమాసము వచ్చినది. మన పెద్దలు దీనిని శూన్యమాసమనిరి. ఈ నెలలో పెండ్లిండ్లు లేవు, గృహప్రవేశములు లేవు. క్రొత్తకోడలు పుట్టినింటికి పోవును. అల్లుడు అత్తవారి గడప త్రొక్కరాదు. ఆడపిల్లలు గోరింటాకు పెట్టుకొందురు. బట్టల దుకాణదారు గద్దెపై కూర్చుండి ఈగలు తోలుకొనుచు శ్రావణమునకై యెదురు చూచెడివాడు. శుభకార్యములు లేని నెల కావున కొననక్కఱ లేని నెల. ఏడాదికి ముప్పది దినములు గృహస్థుని డబ్బుసంచికి విశ్రాంతి దొరకెడిది.

ఆ విశ్రాంతి యిప్పుడు లేదు. అమీర్‌పేట చౌరస్తాలో నిలిచి నలుదెసల జూచిన వానికి ఆషాఢమును మించిన పర్వము సంవత్సరములో లేదని తోచును. నాలుగంతస్తుల మేడల ముఖములను కప్పివేసిన బట్టతెరలపై సినీతారలు చీరలు కట్టుకొని నవ్వుచున్నారు. సగము ధర యని యొకచోట, ఒకటి కొన్న రెండు ఉచితమని యొకచోట, కిలోల లెక్కన చీరలని వేఱొకచోట వ్రాసియున్నది. ప్రక్కనే బల్కంపేటలో ఎల్లమ్మతల్లి కల్యాణము ఈ మాసముననే జరుగును. అమ్మవారికి మ్రొక్కు చెల్లించుకొని మరలివచ్చు కుటుంబములు దారిలోని దుకాణములలో రెండవ మ్రొక్కు చెల్లించుకొని యిల్లు చేరుచున్నవి. శూన్యమాసమున శూన్యమగునది యిప్పుడు గృహస్థుని జేబు మాత్రమే.

వర్తకుని దృష్టితో చూచినచో ఇందు తప్పేమియు లేదు. వైశాఖ జ్యేష్ఠముల పెండ్లిండ్లకై తెప్పించిన సరుకులో కొంత మిగిలిపోవును. ఆ సరుకు మీద పెట్టిన డబ్బునకు వడ్డీ పెరుగుచుండును. శ్రావణమునకు క్రొత్తసరుకు రావలయును, అలమరలు ఖాళీ కావలయును. కావున అసలు ధరకో, అంతకు తక్కువకో వదలించుకొనును. ఈ ఆచారము పుట్టుటకు కారణమిదియే. అయితే మిగిలిన సరుకును వదలించుకొనుటకు పుట్టిన ఆచారము నెలపొడుగునను సాగు జాతరయైనప్పుడు, అంతటి జాతరకు సరిపోవునంత సరుకు నిజముగా మిగిలినదా యని అడుగు హక్కు కొనువానికి కలదు. చీటీపై పెద్ద అంకె వ్రాసి కొట్టివేసి క్రింద చిన్న అంకె వ్రాసిన మాత్రమున తగ్గింపు కాజాలదు. ఆ పెద్ద అంకెకు ఆ చీర ఏనాడైన అమ్ముడుపోయినదా? "కొన్నది వంకాయ, కొసరినది గుమ్మడికాయ" యని మనవారు నవ్వుకొనుచు చెప్పిన సామెతను నేడు ప్రకటనగా అచ్చువేసి గోడలకు అంటించుచున్నారు. గుమ్మడికాయను కొసరుగా ఇచ్చువాడు దాని వెలను వంకాయలో చేర్చకుండునా?

మేము ఈ విషయమును ఎత్తుకొనుటకు కారణము ఆషాఢపు చీరలు కావు. ఆ చీరల వెనుక నున్న యొక సిద్ధాంతమును మా పాఠకులు గమనింపవలయునని మా కోరిక. పూర్వము మనుష్యుడు అవసరమును బట్టి కొనెడివాడు; ఆ కొనుగోలును బట్టి వర్తకుడు సరుకు తెచ్చెడివాడు. ఆధునిక పెట్టుబడిదారీ సంఘమున ఈ క్రమము తలక్రిందులైనది. యంత్రము ముందు సరుకును గుట్టలుగా పోయును. ఆ గుట్టను కరగించుటకు తగిన కోరిక పిమ్మట పుట్టింపబడును. వస్తువును తయారుచేయు కార్ఖానా యొకటి, ఆ వస్తువుపై మోజును తయారుచేయు కార్ఖానా మఱియొకటి. రెండవదానికే హెచ్చు ఖర్చగుచున్నదేమో యని అమీర్‌పేట గోడలను చూచినవారికి అనుమానము కలుగును.

ఆడంబరము మన నగరమునకు క్రొత్తది కాదు. అమీర్‌పేటనుండి పంజాగుట్ట మీదుగా ఖైరతాబాదు వైపు పోవువారు ఎఱ్ఱమంజిల్ కోటను చూచియుందురు. నిజాము ప్రభుత్వములో పెద్ద పదవుల నధిష్ఠించిన ఫఖ్రుల్ ముల్క్ నవాబు పందొమ్మిదవ శతాబ్దమున దానిని కట్టించెను. పైగా వంగడపు నవాబు ఫలక్‌నుమాను కట్టింపగా, దానికి తీసిపోని మేడ కట్టెదనని పంతము పట్టి దీనిని కట్టించెనని నగరమున నొక కథ కలదు. కథ నిజమో కాదో గాని అందలి మనస్తత్వము నిజము. ఇతరులు చూచి అసూయపడుటకై చేయు వ్యయమును గూర్చి అమెరికా దేశపు ఆర్థికశాస్త్రజ్ఞుడు థార్‌స్టీన్ వెబ్లెన్ 1899లో నొక గ్రంథమే వ్రాసెను. పనిచేయనక్కఱలేని వర్గము తన గొప్పను చాటుకొనుటకు వృథావ్యయము చేయుననియు, క్రిందివారు పైవారిని అనుకరింతురనియు ఆయన చెప్పెను. 2019లో ప్రభుత్వము ఈ కోటను పడగొట్టి అచ్చట శాసనసభను కట్టదలచినది. హైకోర్టు ఆ యేడు సెప్టెంబరులో ఆ నిర్ణయమును కొట్టివేసినది. కోట నిలిచినది, శిథిలముగానే నిలిచినది. దాని పేరుతోనే మెట్రో స్టేషను వెలసినది, ఆ స్టేషనును ఆనుకొని షాపింగు మాలు వెలసినది.

నవాబు తన జాగీరు రైతుల చెమటను ఖర్చుపెట్టెను. అది అన్యాయము. నేటి గుమాస్తా తన చెమటనే, అందును రాబోవు మూడేండ్ల చెమటను ముందుగానే ఖర్చుపెట్టుచున్నాడు. దీనిని ఏమనవలయునో మాకు తెలియకున్నది.

పెట్టుబడిదారులు కూలివానిని కొనువానిగా చూడ నేర్చుట అమెరికాలోనే ఆరంభమైనదని చెప్పవచ్చును. 1914లో హెన్రీ ఫోర్డు తన మోటారు కార్ఖానాలో దినకూలి అయిదు డాలర్లు చేసెను. పనివారు మాటిమాటికి పని మాని పోకుండుట ఆతని తక్షణ ప్రయోజనము. కాని తన కార్లను తన పనివారే కొనగలుగుటయు దాని ఫలితములలో నొకటి. పిమ్మట ప్రపంచమును ఆర్థికమాంద్యము ముంచివేయగా, ఇంగ్లండులో కీన్స్ పండితుడు 1936లో ప్రకటించిన గ్రంథమున గిరాకి లేనిచో కార్ఖానాలు మూతపడి పనివారు వీథిని పడుదురని నిరూపించెను. అందఱును ఒక్కసారి పొదుపు చేయబూనినచో అందఱును బీదవారే యగుదురని ఆయన వాదము. ఇది కొట్టివేయదగిన మాట కాదు. 2020లో కరోనా మహమ్మారి వలన వీథులు మూతపడినప్పుడు మన నగరమున ఎందఱు కడుపు మాడ్చుకొనిరో చూచితిమి. ఒకని వ్యయము మఱియొకని జీతమని ఆ నెలలు మనకు నేర్పినవి.

మన దేశమునందును స్థూలజాతీయోత్పత్తిలో ఇంచుమించు అయిదింట మూడువంతులు గృహస్థుల వినియోగమే. కనుకనే ప్రభుత్వమునకు మన కొనుగోళ్లపై ఇంత శ్రద్ధ. 2025 ఫిబ్రవరి బడ్జెటులో పండ్రెండు లక్షల రూపాయలవరకు ఆదాయము గలవారికి పన్ను లేకుండ చేసినప్పుడు, దాని వలన ప్రజల చేత డబ్బు మిగిలి వినియోగము పెరుగునని ఆర్థికమంత్రిణి చెప్పిరి. అదే సంవత్సరము సెప్టెంబరు 22వ తేదీనుండి వస్తుసేవల పన్నును చాలవఱకు అయిదు, పదునెనిమిది శాతములను రెండు మెట్లకు కుదించినప్పుడు, ప్రధానమంత్రి ముందునాడే దేశప్రజల నుద్దేశించి మాటలాడి దానిని పొదుపు పండుగ యనిరి. పన్ను తగ్గుట మంచిదే. సబ్బుపైనను మందుపైనను పన్ను తగ్గించుటను కాదనువాడెవడు? కాని ఆ పొదుపు పండుగను దుకాణములవారు మఱునాటి ప్రొద్దునకే కొనుగోలు పండుగగా మార్చివైచిరి. పొదుపు అను మాటకు తక్కువ ధరకు ఎక్కువ కొనుట యను క్రొత్త యర్థము స్థిరపడినది. అమరకోశమున లేని యర్థమిది.

ఆ పిలుపులో స్వదేశీ మాటయు కలదు. మేము స్వదేశీ వ్రతమును శిరసావహించువారము. ఆ మాట విన్న ప్రతిసారియు మా హృదయము ఉప్పొంగును. అందుచేతనే దానిని త్రాసున నుంచి చూచుట మా విధియనుకొందుము. 1905లో వంగదేశమునను, 1921లో దేశమంతటను స్వదేశీ యనగా మొట్టమొదట కొనకపోవుట. సన్నని మాంచెస్టరు బట్టను మంటలో వేసి ముతక ఖద్దరును భుజాన వేసికొనుట. నూలు వడకువాని పూట గడుచుటకై కొనువాడు తన సుఖమును కొంత వదలుకొనుట. నేటి స్వదేశీలో వదలుకొనవలసిన దేమియు లేదు; కొనవలసినదే యున్నది. కొనువాని చేతిలోని కట్టె సంచి యిది స్వదేశి యని చెప్పును, లోపలి చీర మాత్రము పోచంపల్లి చిటికి నమూనాను మరమగ్గముపై అచ్చువేసినదై యుండును. ఆ నమూనాకు నూలుముడులు కట్టి రంగులద్దిన నేతగానికి ఆ యమ్మకమున కాసు ముట్టదు. భూదాన పోచంపల్లి అమీర్‌పేటకు రెండు గంటల ప్రయాణము కూడ కాదు.

రైలు సంగతి చూడుడు. మెట్రో రైలు 2017 నవంబరు 28న ఆరంభమైనది. 2018లో ఎల్.బి. నగరునకు, 2019లో హైటెక్ సిటీకి దారులు పడుటతో అమీర్‌పేట రెండు మార్గములు కలియు పెద్ద కూడలియైనది. ఇంతటి సౌకర్యమును మేము కొనియాడినాము, ఇప్పుడును కొనియాడుదుము. గంటన్నర బస్సులో నిలిచి ప్రయాణించినవారికి దాని విలువ తెలియును. కాని 2010లో ప్రభుత్వమునకును లార్సెన్ అండ్ టూబ్రో కంపెనీకిని కుదిరిన ఏర్పాటులో నొక విశేషము కలదు. రైలు రాబడిలో సగము టిక్కెట్ల వలనను, ఇంచుమించు నూటికి నలువదియైదు వంతులు స్టేషనుల వద్ద కట్టు మాలులు మొదలగు కట్టడముల వలనను, మిగిలిన అయిదు ప్రకటనల వలనను రావలెనని అంచనా. పంజాగుట్టలోను ఎఱ్ఱమంజిల్‌లోను స్టేషనుల ప్రక్కన నున్న మాలులు ఆ లెక్కలోనివే. అనగా, మనము ఊరక ప్రయాణము చేసినచో రైలు నడువదు. దిగి ఏదో యొకటి కొనవలయును. ప్రయాణికుని రాకపోకలు ధర్మకార్యములవంటివి. వాని కొనుగోళ్లే రైలునకు బొగ్గు.

ఆ బొగ్గు చాలలేదు. ప్రయాణికుల రాబడియు అంగళ్ల రాబడియు అనుకొన్నంత కాకపోవుట, కరోనా కాలపు మూత, అప్పుల వడ్డీ అన్నియు కలిసి కంపెనీని క్రుంగదీసినవి. 2025 సెప్టెంబరులో ఈ రైలును కంపెనీనుండి రాష్ట్రప్రభుత్వము తీసికొనుటకు అంగీకారము కుదిరినది. ఇంచుమించు పదమూడు వేల కోట్ల అప్పును ప్రభుత్వమే తలకెత్తుకొనునని ప్రకటించిరి. మాలులో కొననివాడు పన్ను రూపమున చెల్లింపవలసిన గతి పట్టినదన్నమాట. ప్రజల రాకపోకలకు వలసిన సాధనమును ప్రజల మోజుపై నిలబెట్టరాదని ఇకనైన పాలకులు గ్రహింతురా?

మోజుపై నిలబడిన వర్తకుని గతియు మన కన్నులయెదుటనే యున్నది. 2004లో పంజాగుట్ట కూడలిలో సెంట్రల్ అను మాలు తెఱచినప్పుడు నగరమంతయు తరలివచ్చి చూచినది. ఎస్కలేటరు మెట్టుపై కాలు మోపుటకు వెఱచి ముసలమ్మలు కొంగు బిగించి నిలిచిన రోజులవి. దానిని నడిపిన ఫ్యూచర్ గ్రూపు దేశమంతట బిగ్ బజారులు తెఱచి, చిల్లరవర్తకమున దానికి సాటిలేదనిపించుకొన్నది. పదునాఱేండ్లు గడచునప్పటికి అప్పులపాలై 2020లో తన దుకాణములను రిలయన్సువారికి 24,713 కోట్లకు అమ్మజూచినది. వ్యాజ్యములు చుట్టుకొని 2022 ఏప్రిలులో ఆ బేరము తప్పినది. ఆ జూలైలో దాని ముఖ్యసంస్థ దివాలా విచారణకు ఎక్కినది. అప్పు చేసి కొనుమని జనులను పిలిచిన వర్తకసామ్రాజ్యము అప్పుతోనే కూలుట చిత్రముగా లేదా!

ఇక అమీర్‌పేటకు ప్రత్యేకముగా పేరు తెచ్చిన సరుకొకటి కలదు. అది చదువు. మైత్రీవనము, ఆదిత్య ఎన్‌క్లేవు పరిసరములలో గోడయన్నది కనబడకుండ కంప్యూటరు శిక్షణాలయముల బోర్డులు వ్రేలాడుచుండును. ఉభయ తెలుగు రాష్ట్రముల పల్లెలనుండి ఇంజనీరింగు పట్టాతో వచ్చిన యువకుడు ఇచ్చట హాస్టలులో ముగ్గురితోనో నలుగురితోనో గది పంచుకొని, ఇరుకు మెట్లపై చేతికిచ్చిన కరపత్రములు చదువుకొనుచు ఏ కోర్సు కొనవలెనా యని తిరుగుచుండును. మేము కొనుట యన్న మాటను తెలిసియే వాడితిమి. ఒకనాడు జావా యనిరి, ఒరాకిల్ అనిరి. తరువాత క్లౌడు అనిరి. ఇప్పుడు కృత్రిమ మేధ యనుచున్నారు. చీరల అంచులవలె కోర్సుల పేర్లును ఏటేట మారుచున్నవి. నిరుటి అంచు కట్టుకొన్న పిల్ల పెండ్లిలో చిన్నబోవునట్లు నిరుటి కోర్సు నేర్చిన కుఱ్ఱవాడు ఇంటర్వ్యూలో చిన్నబోవుచున్నాడు.

ఈ శిక్షణాలయములను మేము నిందింపము. నాలుగేండ్ల కాలేజీ నేర్పలేనిదానిని నాలుగు నెలలలో తక్కువ రుసుమునకు నేర్పి వేలమందిని అమెరికాదాక పంపిన వీథి యిది. కూలివాని కుమారుడు జీతగాడగుటకు ఇంత దగ్గఱ దారి వేఱొకటి ఉండలేదు. మా బాధ వేఱు. చీరను అమ్మువాడు ఆశను చూపి అమ్మును. చదువును అమ్మువాడు భయమును చూపి అమ్ముచున్నాడు. ఉన్నది చాలదు, నీకు తెలిసినది పాతబడినది, ప్రక్కవాడు ముందుకు పోవుచున్నాడు అను మాటలు చెవిలో మ్రోగుచుండగా ఇరువదిరెండేండ్ల పిల్లవాడు తండ్రి పంపిన సొమ్మును లెక్కించుకొనును. ఆ తండ్రి గ్రామమున వడ్లు అమ్మినప్పుడు తరుగు, కొనువాడు చెప్పినదే ధర. కొడుకునకు కోర్సు కొనునప్పుడు అమ్మువాడు చెప్పినదే ధర. "అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి" యని రైతుకు గాక మఱియెవరికి తోచును?

ఈ వీథిలోనే సత్యం టాకీసు ఉండెడిది. హాస్టలు కుఱ్ఱవారికి ఆదివారపు ఆటవిడుపది. దాని స్థలమున లేచిన మాలులో 2023 జూన్‌లో నటుడు అల్లు అర్జున్ భాగస్వామిగా పెద్ద తెరల సినిమాశాలలు వెలసినవి. సుఖాసనములు, చల్లదనము అన్నియు బాగుగనే యున్నవి. కాని పూర్వము టాకీసుకు పోవువాడు వీథినుండి నేరుగ తెరవద్దకు పోయెడివాడు. ఇప్పుడు మధ్యలో అంగళ్లను దాటవలయును.

అప్పుల మాట కొంత వివరముగా చెప్పుదుము, ఏలన పాఠకులలో పలువురు ఈ వలలో నొక కాలు పెట్టియే యుందురు. వడ్డీ లేని వాయిదాలని దుకాణములలో బోర్డు కట్టుదురు. ఇరువదినాలుగు వేల రూపాయల ఫోను. నెలకు రెండువేల చొప్పున పండ్రెండు నెలలు. కూడిక సరిపోవును, వడ్డీ కనబడదు. అదే ఫోనును నగదిచ్చి కొందునన్నచో పదునైదు వందలు తగ్గించెదమందురు. అనగా ఫోను అసలు ధర ఇరువదిరెండు వేల అయిదువందలు. ఆ పదునైదు వందలే వడ్డీ. లెక్క వేసి చూచినచో నూటికి నెలకు రూపాయి వడ్డీ పడుచున్నది. మన వీథిచివర వడ్డీవ్యాపారి ఈ మాత్రపు వడ్డీకి పుస్తకమున సంతకము పుచ్చుకొనును. ఇచ్చట నవ్వుచు మిఠాయి పెట్టి పుచ్చుకొనుచున్నారు. పైగా ప్రాసెసింగు రుసుము వేఱు. సున్న వడ్డీ అనునది అసలు లేనేలేదని రిజర్వుబ్యాంకు 2013లోనే బ్యాంకులకు హెచ్చరిక పంపినది. బోర్డులు మాత్రము అట్లే యున్నవి. 2023 నవంబరులో ఆ బ్యాంకే తాకట్టులేని వినియోగపు టప్పులు మితిమీరుచున్నవని కలవరపడి అట్టి అప్పులిచ్చు బ్యాంకులు హెచ్చు మూలధనము నిలుపుకొనునట్లు నిబంధన బిగించినది.

కలవరమునకు కారణము లేకపోలేదు. 2022-23లో గృహస్థుల నికర ఆర్థికపు పొదుపు జాతీయోత్పత్తిలో సుమారు అయిదు శాతమునకు దిగిపోయినది. కొన్ని దశాబ్దములలో అంత తక్కువ లేదు. గృహస్థుల అప్పు 2024 నాటికి సుమారు నలువది రెండు శాతమునకు ఎగబ్రాకినది. ఇండ్లకై చేసిన అప్పు ఇందు కలదనియు, ఇల్లు ఆస్తియే గదా యనియు కొందఱనవచ్చును. ఇంటి అప్పును గూర్చి మాకు పేచీ లేదు. రెండేండ్లకు పాతబడి మూలబడు ఫోనునకు, మూడు దినముల విహారమునకు, పెండ్లిలో రెండు గంటలు కట్టు పట్టుచీరకు చేయు అప్పును గూర్చియే మా మాట. వస్తువు చచ్చిన పిమ్మటకూడ దాని వాయిదా బ్రదికియుండును. నెల మొదటి తారీఖున జీతము బ్యాంకునకు వచ్చి, అయిదవ తారీఖునకు చెప్పాపెట్టక వెడలిపోవును. అట్టి ఉద్యోగి అన్యాయము జరిగినను యజమానికి ఎదురు చెప్పజాలడు. ఒక్క నెల జీతము లేకున్న బ్రదుకలేడు గనుక. స్వాతంత్ర్యమును గూర్చి ఉపన్యాసములిచ్చువారు ఈ బానిసత్వమును కూడ ఒకపరి తలచుకొనవలయును.

మేము సన్న్యాసమును బోధించుటలేదు. పొయ్యిపొగలో కన్నులు పోగొట్టుకొన్న తల్లులకు గ్యాసుపొయ్యి వచ్చుట, ఒకే చీరను ఉతికి ఆరవేసికొని చీకటిలో నిలిచిన పేదరాలికి రెండవ చీర దొరకుట, బస్తీ పిల్లవాని కాలికి చెప్పు వచ్చుట దేశమునకు పుణ్యము. నిండిన అలమరల ముందు నిలిచి నిరాడంబరమును బోధించువారిని చూచిన మాకు నవ్వు వచ్చును. జె.సి. కుమారప్పగారు 1945లో శాశ్వతమైన ఆర్థికవ్యవస్థను గూర్చి ప్రకటించిన గ్రంథము మా బీరువాలోను ఉన్నది; దాని ప్రక్కననే ఈ సంవత్సరము కొని యింతవరకు విప్పని రెండు వస్తువులును ఉన్నవని ఒప్పుకొనుటకు సిగ్గుపడుచున్నాము.

అయితే కొనుటకు అలవాటుపడినవాడు కొనకుండ నుండునప్పుడు వానికి ఈ నగరమున చోటేది? సాయంకాలము అమీర్‌పేట మెట్రోస్టేషను మెట్లపై, ఫ్లైఓవరు నీడలో, మూతపడిన దుకాణపు అరుగులపై హాస్టలు పిల్లలు కూర్చుండి పుస్తకములు తిరుగవేయుచుండుట మా కన్నులార చూచుచున్నాము. గది ఇరుకు, మంచమునకు మంచము తగులును. మాలు చల్లగా నుండును గాని చేతిలో పొట్లము లేనివానిని కావలివాని చూపు వెంటాడును. చాయ్ దుకాణమున ఒక కప్పు అరగంటకు మించి కూర్చుండనీయదు. రూపాయి వెచ్చింపక గంటసేపు మనుష్యుడు గౌరవముగా కూర్చుండదగిన చోటు పఠనాలయమొక్కటే. నిజాము పాలనలో తెలుగుమాటకే చోటు లేని రోజులలో, 1901లో, కొమఱ్ఱాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వెంకటరంగారావుగారలు పూనుకొని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును ఈ నగరమున స్థాపించిరి. అప్పటి తెలుగువారు మనకన్న ధనికులు కారు.

1960 నాటి గ్రంథాలయముల చట్టము ననుసరించి ఆస్తిపన్నుపై రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయపు పన్ను వసూలగుచున్నది. ఈ మాలులు, ఈ వస్త్రాలయములు, ఈ శిక్షణాలయముల మేడలు అన్నియు ఆ పన్ను చెల్లించుచునే యున్నవి. వసూలు చేసిన నగరపాలక సంస్థ ఆ సొమ్మును గ్రంథాలయ సంస్థకు సకాలమున, పూర్తిగా చేర్చుట లేదని పత్రికలలో పలుమారులు వచ్చినది. ఆ బాకీ యెంతయో ప్రకటింపవలయుననియు, అమీర్‌పేట పంజాగుట్టల భవనములనుండి వచ్చిన భాగముతో ఈ ప్రాంతముననే రాత్రి పదిగంటలవఱకు తెఱచియుండు పఠనాలయమును నడుపవలయుననియు మేము కోరుచున్నాము. దుకాణములు ఇరువదినాలుగు గంటలును తెఱచియుంచుకొనుటకు 2023లో ప్రభుత్వము అనుమతి నిచ్చినది గదా!

ఆ దుకాణములలో పనిచేయు ఆడపిల్లలను గూర్చికూడ ఒక మాట. ఆషాఢపు రద్దీలో ఒక్కొక్క పిల్ల నూఱేసి చీరలు విప్పి, చూపి, మరల మడచును; కొనువారు ఒకటి కొని పోదురు, కొందఱు ఊరక పోదురు. ఉదయమునుండి రాత్రివఱకు నిలువుకాళ్లపై ఉండవలసినదే. ఎదుట మెత్తని పరుపులున్నవి. అవి కొనువారి కొఱకు. కోళిక్కోడు వీథులలో ఇట్టి పనివారు ఆందోళన సలుపగా కేరళ ప్రభుత్వము 2018లో వారికి కూర్చుండు హక్కు కల్పించుచు చట్టమును సవరించినది. 2021లో తమిళనాడు శాసనసభయు అట్లే చేసినది. మన రాష్ట్రమునందును ఆ హక్కు స్పష్టమైన మాటలలో ఉండవలయును, తనిఖీ అధికారి ఆషాఢమాసముననే వచ్చి చూడవలయును. ఒక్కొక్క కౌంటరు వెనుక ఒక్కొక్క ముక్కాలిపీట. దాని వెల ఈ దుకాణములలోని చౌకచీర వెలకన్న తక్కువ.